మేడమెట్ల మీద అద్దెవారి తల్లి పడిపోయారు, ఖర్చంతా నన్నే పెట్టుకోమంటున్నారు

శారద_సత్యనారాయణపురం
విజయవాడలో మాది కింద రెండు గదులు, పైన రెండు గదులు ఉన్న పాత మేడ. 1988లో మావారు దగ్గరుండి కట్టించారు. ఆయన పోయాక కింద నేను ఉంటూ పై వాటా అద్దెకిస్తున్నాను. పైకి మెట్లు బయటి నుంచే. ఇప్పుడున్నవారు వచ్చి నాలుగేళ్లయింది. అద్దె 14,000, అడ్వాన్సు 28,000. ఇన్నేళ్లలో ఒక్క నెల కూడా నేను అడిగి తీసుకోవలసిన అవసరం రాలేదు.

జూలైలో ఒక ఆదివారం సాయంత్రం, వాన వెలిసిన కాసేపటికి, ఆ అబ్బాయి తల్లి మెట్లు దిగుతూ పడిపోయారు. ఆవిడకు 64 ఏళ్లు. పై నుంచి నాలుగో మెట్టు అంచు రాలిపోయి ఉంది. కాలు జారగానే పక్కనున్న ఇనుప గొట్టాన్ని పట్టుకున్నారు, అది అడుగు నుంచే ఊడి వచ్చింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేశారు. బిల్లు 2,80,000. నిన్న అబ్బాయి ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. ఆసుపత్రి ఖర్చు మొత్తం నేనే ఇవ్వాలని, అది తేలే వరకు అద్దె కట్టనని అందులో ఉంది.

ఒక విషయం దాచకుండా చెబుతాను. గొట్టం ఊగుతోందని మే నెలలోనే ఫోనులో సందేశం పెట్టాడు. ఆషాఢం వెళ్లాక మేస్త్రీని పిలుస్తానని నేను జవాబిచ్చాను. ఆ సందేశం రోజుకు పదిసార్లు తీసి చూసుకుంటున్నాను. మా తమ్ముడు పైసా ఇవ్వవద్దు, ఖాళీ చేయించు అంటున్నాడు. నాకు వచ్చేది కుటుంబ పెన్షను. ఏం చేయాలో తెలిసినవారు చెప్పండి.

రాతిగోడ
మీ తమ్ముడు చెప్పిందే సరైనది. రూపాయి ఇచ్చినా తప్పు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఫిజియోథెరపీ, ఆయా, మందులు అంటూ వరుసగా వస్తాయి. వాన తడి మీద ఎవరైనా జారతారు. ఇంటి యజమాని వానను కూడా ఆపాలా?

అద్దెబతుకు
రాతిగోడ గారూ, వానను ఆపమని ఎవరూ అడగలేదు. గొట్టం బిగించమని అడిగారు. అదీ రెండు నెలల ముందు. పదిహేడేళ్లలో ఏడు ఇళ్లు మారాను. ప్రతి ఇంట్లోనూ ఇలా ఏదో ఒకటి చెప్పడం, "చూద్దాం" అనే మాట వినడం మామూలే. అద్దె రెండు రోజులు ఆలస్యమైతే మాత్రం ఎవరూ "చూద్దాం" అనరు.

శారద గారూ, మీరు సందేశం సంగతి దాచకుండా రాశారు. అందుకే చెబుతున్నాను, ముందు వెళ్లి ఆవిడను చూడండి.

బందరు_ప్లీడరు
ముప్పై ఏళ్లుగా సివిలు కేసులు చూస్తున్నాను. కాస్త వివరంగా రాస్తాను. అయినా ఈ కాగితాలన్నీ పట్టుకుని మీ ఊళ్లో ఒక న్యాయవాదిని కలవండి.

అద్దె ఇంట్లో గాయపడితే ఇంత ఇవ్వాలని చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. ఇలాంటివన్నీ నిర్లక్ష్యం కింద నష్టపరిహారం అడిగే సివిలు దావాలు. కోర్టు చూసే ప్రశ్నలు ఇవి: ఆ చోటు ఎవరి ఆధీనంలో ఉంది, లోపం ఉన్నట్టు యజమానికి తెలుసా, తెలిసి ఏం చేశారు, పడిన మనిషి తన జాగ్రత్త తాను తీసుకున్నారా. పై వాటా లోపలి గదుల్లో ఏదైనా జరిగితే వాదన ఒక రకంగా ఉంటుంది. మెట్ల సంగతి వేరు. డాబా మీది నీళ్ల ట్యాంకు కోసం మీరూ ఆ మెట్లే ఎక్కుతారు కదా? అలాగైతే అవి మీ ఆధీనంలో ఉన్నవే.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. తనకు తెలిసి, అద్దెకు వచ్చేవారు మామూలుగా చూస్తే కనిపెట్టలేని లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. యజమాని చేయవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చాక తగిన సమయంలో చేయకపోతే, అద్దెవారే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ అది మరమ్మతు ఖర్చుకే. ఆసుపత్రి బిల్లు కోసం అద్దె ఆపే హక్కు ఆ సెక్షన్ ఇవ్వదు. ఆ మాట అబ్బాయికి నెమ్మదిగా చెప్పండి, దెబ్బలాటకు దిగవద్దు.

మీ కేసులో బరువంతా మే నెల సందేశం మీదే ఉంది. దాన్ని చెరిపేయవద్దు. మీ ఫోనులో చెరిపినా అబ్బాయి ఫోనులో ఉంటుంది, పైగా దాచాలని చూశారన్న మచ్చ పడుతుంది.

వాన వాదన కూడా ఎక్కువ దూరం నడవదు. వానాకాలంలో గోడ కూలి ఇద్దరు పిల్లలు చనిపోయిన కేసులో 1958లో మధ్యప్రదేశ్ హైకోర్టు, ఆ రోజు పడిన 2.66 అంగుళాల వానను దైవాధీనం అనలేమంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గంటస్తంభం కూలిన కేసులో 1966లో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. లోపం పైకి కనిపించలేదని కార్పొరేషన్ వాదించింది. కట్టి 80 ఏళ్లయింది, ఆ రకం సున్నపు కట్టుబడి ఆయుష్షు 40, 45 ఏళ్లే, తనిఖీ చేయించవలసిన బాధ్యత మీదేనని కోర్టు తేల్చింది. అవి దారిన పోయేవారి మీద పడిన కేసులు, మీది వేరు. కానీ కోర్టు ఎటు ఆలోచిస్తుందో వాటిని బట్టి తెలుస్తుంది.

అలాగని అడిగినదంతా ఇవ్వవలసిందేనని కాదు. అంచు రాలిన సంగతి వారికీ తెలుసు, రోజూ దిగే మెట్లే. తడి మీద చేతిలో ఏమైనా పట్టుకుని దిగారా? చెప్పులు ఎలాంటివి? వారి అజాగ్రత్త ఎంత ఉంటే పరిహారంలో అంత కోత పడవచ్చు. బిల్లులన్నీ అసలు ప్రతులు చూపించమనండి. ఆరోగ్య బీమా ఏమైనా చెల్లించిందా అని కూడా అడగండి.

రాతిగోడ
ప్లీడరు గారూ, నోటిమాట మీద డబ్బు ఇస్తే అది ఒప్పుకోలు కాదా? అది చెప్పండి.

బందరు_ప్లీడరు
నోటిమాట మీద ఇస్తే చిక్కే. అందుకే కాగితం రాయాలి. "బాధ్యతపై ఉభయుల వాదనలకు భంగం లేకుండా, వైద్య ఖర్చుల సహాయంగా" అని రాసి, తేదీ, మొత్తం వేసి, బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోండి. సహాయం చేసినంత మాత్రాన దోషి అయిపోరు. ఇంకొకటి, ఇది చాలామంది మరచిపోతారు. పరిహారం అడిగే హక్కు గాయపడిన ఆవిడది, కొడుకుది కాదు. కొడుకు ఒక్కడే సంతకం పెట్టిన రాజీ కాగితం రేపు నిలబడదు. ఆవిడ సంతకం ఉండాలి, ఆవిడ చదివి, అర్థం చేసుకుని పెట్టాలి.

వేపచెట్టునీడ
పోలీసు కేసు అవుతుందా? మా వీధిలో ఇలాగే జరిగితే ఆసుపత్రివారే స్టేషనుకు కబురు పంపారు.

బందరు_ప్లీడరు
కావచ్చు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీకి బదులు భారతీయ న్యాయ సంహిత అనే నేరాల చట్టం అమలులో ఉంది. నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయమైతే 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఎముక విరగడం తీవ్ర గాయమే. ప్రాణం పోతే 106వ సెక్షన్, ఐదేళ్ల వరకు. గాయం కేసులో కోర్టు అనుమతితో రాజీ పడవచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. "ఏం చేసుకుంటారో చేసుకోండి" అని ఇల్లు ఖాళీ చేయమంటూ నోటీసు ఇస్తే అవతలివారు నేరుగా స్టేషనుకే వెళతారు. నేను చూసిన కేసుల్లో చాలావరకు మొదటి వారంలో వాడిన మాటల వల్లే పెద్దవయ్యాయి.

శారద_సత్యనారాయణపురం
ప్లీడరు గారూ, చాలా కృతజ్ఞతలు. అవును, ట్యాంకు కోసం నేనూ ఆ మెట్లే ఎక్కుతాను. ఒక సందేహం. ఇప్పుడు మెట్టు బాగు చేయిస్తే సాక్ష్యం చెరిపేశారంటారేమో? చేయించకపోతే వాళ్ల చిన్నపిల్ల రోజూ అక్కడే దిగుతోంది. బడికి వెళ్లేటప్పుడు ఆ నాలుగో మెట్టు దగ్గర నా గుండె ఆగినంత పనవుతోంది.

బందరు_ప్లీడరు
వెంటనే చేయించండి. ముందు అబ్బాయిని పక్కన నిలబెట్టుకుని అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి, టేపు పెట్టి కొలతలు రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఊడిన గొట్టాన్ని పాత సామాను వాడికి వేయకుండా ఒక మూల ఉంచండి. రెండోసారి ఎవరైనా పడితే అప్పుడు చెప్పుకోవడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

సున్నం_ఇటుక
మాది మూడు తరాల తాపీ కుటుంబం. మెట్టు అంచు రాలితే చాలామంది సిమెంటు ముద్ద పెట్టి సరిపెడతారు. నెల తిరక్కుండా ఊడుతుంది. పాతదాన్ని గట్టి భాగం తగిలే వరకు చెక్కి, నీళ్లతో బాగా తడిపి, సిమెంటు పాలు పూసి, అప్పుడు చిన్న కంకరతో కాంక్రీటు వేసి అంచుకు ఇనుప కోణం బిగించాలి. వారం రోజులు తడపాలి. పైన నున్నగా రుద్దవద్దు, గరుకుగా గీతలు పెట్టించండి. ఇంటి మెట్టుకు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదు, పాదం పెట్టే వెడల్పు 250 తగ్గకూడదు. అంతకన్నా ముఖ్యం, అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక్క మెట్టు అంగుళం తేడాగా ఉన్నా కాలు తడబడుతుంది, మన కాలు లెక్క మరచిపోదు.

గొట్టాన్ని గచ్చులో గుచ్చి సిమెంటు పోస్తే అడుగున నీరు నిలిచి తుప్పు పడుతుంది. శారదమ్మ గారి ఇంట్లో జరిగింది అదే అయి ఉంటుంది. అడుగున పలక పెట్టి బోల్టులతో బిగించమనండి. ఉత్తరం వైపు మెట్లకు వానాకాలంలో పాచి పడుతుంది, పదిహేను రోజులకోసారి బ్లీచింగ్ పొడితో కడిగించాలి.

కరెంటు_పని
మెట్ల గురించి రాస్తున్నారు గనుక నా పనిలో చూసినది కూడా రాస్తాను. వానాకాలం వస్తే పేపర్లలో తప్పకుండా కనబడే వార్త ఒకటుంది, బట్టలు ఆరేస్తూ కరెంటు షాకుతో మృతి. ఇనుప తీగతో దండెం కడతారు. దాని ఒక కొసను రేకుల షెడ్డు గొట్టానికో, కరెంటు తీగ ఆనుకున్న కొక్కేనికో ముడివేస్తారు. తీగ మీది రబ్బరు ఒరుసుకుపోతే దండెం మొత్తానికి కరెంటు వస్తుంది. తడి బట్ట, తడి చేయి, తడి నేల. ఒకరు పడితే పట్టుకోబోయి ఇంకొకరు.

అద్దెకిచ్చే ప్రతి వాటాకూ 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు దారి తప్పి భూమిలోకి పోతుంటే అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దాని మీద పరీక్ష మీట ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. దండేనికి నైలాను తాడు కట్టండి. ఎనభై రూపాయల పని.

ఓరుగల్లు_పెరడు
సంపు మూత గురించి ఎవరూ రాయలేదు. నేను రాయాలి.

హనుమకొండలో మా ఇంట్లో మూడు కుటుంబాలు అద్దెకు ఉండేవి. సంపు మీద రేకు మూత. ట్యాంకరు వచ్చినప్పుడల్లా తీసి పక్కన పెట్టేవారు. ఒక మధ్యాహ్నం కింది వాటా పిల్లవాడు, మూడేళ్లు కూడా నిండలేదు, బంతి కోసం వెళ్లి అందులో పడ్డాడు. ఎదురింటి చాకలి అవ్వ చప్పుడు విని పరుగెత్తుకొచ్చి జుట్టు పట్టి లాగింది. బతికాడు. ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్నాడు. ఆ తండ్రి నా మీద కేసు పెట్టలేదు, డబ్బు అడగలేదు, ఒక్క మాట కూడా అనలేదు. నెల తిరిగేసరికి ఇల్లు ఖాళీ చేశారు. ఖాళీ చేసిన రోజు తాళంచెవి నా చేతికి ఇవ్వకుండా గడప మీద పెట్టి వెళ్లాడు. మర్నాడే మూతకు బందులు, తాళం వేయించాను. అయిన ఖర్చు 2,200. అంతకు ముందు మూడేళ్లు ఆ డబ్బు దండగ అనుకున్నాను.

అద్దెబతుకు
ఓరుగల్లు_పెరడు గారూ, రాసినందుకు దండం.

ఫ్రిస్కో_పెరడు
ఓరుగల్లు_పెరడు గారూ, మీ పేరులోనూ నా పేరులోనూ పెరడు కలిసింది, చదువుతూ ఉంటే మనసు ఆగలేదు. నాకు టెక్సాస్‌లో ఒక అద్దె ఇల్లు, కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు ఉన్నాయి. ఇక్కడి ఇంట్లో వెనుక చెక్క అరుగు పలక ఒకటి పుచ్చిపోయి, అద్దెవారింటికి వచ్చిన చుట్టం కాలు లోపలికి దిగి చీలమండ విరిగింది. మూడు వారాలకు లాయరు నోటీసు వచ్చింది. ఇక్కడ గాయాల దావాకు రెండేళ్ల గడువు. వచ్చే పరిహారంలో వాటా తీసుకునే పద్ధతిలో లాయర్లు కేసులు తీసుకుంటారు, అందువల్ల గాయపడినవారు చేతి డబ్బు పెట్టకుండానే దావా వేయగలరు.

నేను చేసిన మంచి పని ఒక్కటే. అదే రోజు బీమా కంపెనీకి ఫోను చేసి నోటీసు పంపాను. అద్దె ఇంటి పాలసీలోనే బాధ్యత బీమా ఉంటుంది, దాని పరిమితి దాటితే ఆదుకునే పది లక్షల డాలర్ల గొడుగు పాలసీ కూడా తీసుకున్నాను. లాయరును వాళ్లే పెట్టారు, మాట్లాడినదీ వాళ్లే, చెల్లించినదీ వాళ్లే. నోటీసు సొరుగులో పడేసి ఆలస్యం చేసి ఉంటే వాళ్లు చేతులెత్తేసేవారేమో. అదే ధైర్యంతో కూకట్‌పల్లి ఫ్లాటుకూ అలాంటిది ఉందనుకున్నాను. పాలసీ తీసి చదివితే లేదు.

బీమా_బల్ల
ఉండదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ మీ కట్టడానికీ సామానుకూ. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం లాంటివి. మీ మెట్ల మీద మరొకరు పడితే అది వర్తించదు. కొన్ని కంపెనీల గృహ ప్యాకేజీ పాలసీల్లో ప్రజా బాధ్యత అనే విభాగం విడిగా ఉంటుంది. ఏజెంటు తనంతట తాను చెప్పడు, మీరే అడగాలి. అద్దెకిచ్చిన ఇంటికి వర్తిస్తుందా, ఎంత వరకు అన్నది పాలసీ మాటల్లో చదివాకే డబ్బు కట్టండి. శారద గారూ, జరిగిపోయినదానికి ఇప్పుడు తీసుకునే పాలసీ పనికిరాదు, బాధగా ఉన్నా చెప్పాలి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. వంటగ్యాసు ప్రమాదాలకు చమురు కంపెనీలే బీమా తీసుకుంటాయి. మరణిస్తే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు, ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షల వరకు. వెంటనే పంపిణీదారుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అద్దెవారి గ్యాసు కనెక్షను మీ చిరునామాకు నమోదై ఉందో లేదో చూసుకోండి.

మూడో_అంతస్తు
మా ఒప్పందంలో "ఇంట్లో జరిగే ప్రమాదాలకు యజమానికి సంబంధం లేదు" అని ఒక వాక్యం రాయించాను. అది ఉంటే చాలు కదా? పదకొండు నెలల ఒప్పందం, వంద రూపాయల స్టాంపు కాగితం.

బందరు_ప్లీడరు
ఆ ఒక్క వాక్యం మీద బరువు వేయకండి. చుట్టపుచూపుగా వచ్చినవారు, పాలు పోసేవారు, అద్దెవారి పిల్లలు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. వారిని అది కట్టివేయదు. దానికి బదులు పనికొచ్చే వాక్యాలు రాయించండి. ఏ మరమ్మతు ఎవరిది, లోపం కనిపిస్తే ఎన్ని రోజుల్లో రాసి చెప్పాలి, చెప్పాక ఎన్ని రోజుల్లో చేయించాలి, యజమాని తనిఖీకి ఎప్పుడు రావచ్చు. ఇల్లు అప్పగించే రోజు గది గదికీ ఫొటోలు తీసి ఇద్దరూ దాచుకోండి.

రాతిగోడ
ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే ఇల్లు అద్దెకివ్వడం మానుకోవాలి. మాలాంటివాళ్లకు వచ్చే అద్దె ఎంత, పెట్టే ఖర్చు ఎంత? నా ఇంటికి నిరుడు రంగులకే లక్షన్నర అయింది.

సున్నం_ఇటుక
రంగులకు లక్షన్నర పెట్టారు గనుక అడుగుతున్నాను, డాబా పిట్టగోడ ఎత్తెంత?

రాతిగోడ
రెండడుగులు ఉంటుంది. 1979 నాటి ఇల్లు. అప్పట్లో అంతే కట్టేవారు.

సున్నం_ఇటుక
మీటరు ఉండాలి. రెండడుగుల గోడ పెద్దమనిషికి మోకాలు దాటి కొంచెం పైకి వస్తుంది, తూలితే ఆపదు. మీ డాబా మీద అద్దెవారి పిల్లలు సంక్రాంతికి గాలిపటాలు ఎగరేస్తారా?

రాతిగోడ
ఎగరేస్తారు.

రేపు కొలిచి చెబుతాను.

శారద_సత్యనారాయణపురం
పది రోజుల తర్వాత రాస్తున్నాను, మన్నించండి. అద్దెబతుకు గారు చెప్పినట్టు మొదట ఆవిడ దగ్గరికి వెళ్లాను. పళ్లు పట్టుకుని వెళ్లాను, ఏం మాట్లాడాలో తెలియలేదు. మంచం పక్కన కూర్చున్నాక ఆవిడే నా చేయి పట్టుకుని, "అక్కా, ఆ రోజు పప్పు గిన్నె మీ కోసమే తెస్తున్నాను" అన్నారు. ఆ మాట విన్నాక ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను.

తర్వాత ప్లీడరు గారు చెప్పిన వరుసలోనే చేశాం. అబ్బాయి, నేను కలిసి ఫొటోలు తీశాం, కొలతలు రాసి సంతకాలు పెట్టాం. అతను పనిచేసే కంపెనీ ఆరోగ్య బీమా 1,60,000 చెల్లించిందట. మిగిలింది 1,20,000. ఆయాకు నెలకు 12,000 చొప్పున రెండు నెలలు. మొత్తం 1,44,000. తడి మెట్ల మీద రెండు చేతులతో గిన్నె పట్టుకుని దిగడం తన పొరపాటేనని ఆవిడ అన్నారు. లక్ష దగ్గర కుదిరింది. 40,000 ఇప్పుడు, మిగతాది నెలకు 10,000 చొప్పున ఆరు నెలలు. ఆపిన అద్దె అబ్బాయి నిన్ననే వేశాడు. మా తమ్ముడికి ఇది నచ్చలేదు.

ప్లీడరు గారూ, ఈ రాజీని స్టాంపు కాగితం మీద రాసుకుంటే చాలా?

బందరు_ప్లీడరు
మంచి పని చేశారమ్మా. దాన్ని కోర్టు ప్రాంగణంలో న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి తీసుకెళ్లండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ ఇచ్చే అవార్డుకు, అంటే రాజీ ఉత్తర్వుకు, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం సివిలు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. మీకూ, ఆవిడకూ అదే రక్ష. గాయాల దావాకు మూడేళ్ల గడువు ఉంది గనుక ఉత్త కాగితంతో వదిలేయకండి. ఆవిడ కుర్చీలో కూర్చుని రాగలిగిన రోజే పెట్టుకోండి, సంతకం ఆవిడదే కావాలి.

వేపచెట్టునీడ
లోక్ అదాలత్‌కు రెండు పక్షాలూ రావాలా?

బందరు_ప్లీడరు
రావాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు. ఒకరు కాదంటే మామూలుగా దావా దారి.

శారద_సత్యనారాయణపురం
అలాగే చేస్తాం. మేస్త్రీ గురువారం వస్తున్నాడు. సున్నం_ఇటుక గారు రాసింది కాగితం మీద ఎక్కించి పెట్టుకున్నాను, ఇనుప కోణం, అడుగు పలక, బోల్టులు. మెట్లన్నీ కొలిచాం. మొదటి మెట్టు మిగతావాటికన్నా ముప్పావు అంగుళం ఎక్కువ ఉంది. 1988 నుంచి ఎక్కుతూ దిగుతూ ఉన్నాను, నాకు తెలియనే లేదు.

సున్నం_ఇటుక
మొదటి మెట్టు ముందు నేలను ముప్పావు అంగుళం పెంచి గచ్చు చేయించండి, సరిపోతుంది. వాలు వీధి వైపు ఉండాలి, లేకపోతే నీళ్లు అక్కడే నిలుస్తాయి.

రాతిగోడ
కొలిచాను. ఇరవై రెండు అంగుళాలు. గోడ పెంచడానికి ఇటుక మంచిదా, ఇనుప కమ్మీలు మంచివా?

సున్నం_ఇటుక
పాత పిట్టగోడ మీద ఇటుక బరువు వేసేముందు గోడ పగుళ్లు చూడాలి. డాబా నాలుగు మూలలూ, గోడ అడుగు భాగం దగ్గరగా తీసిన ఫొటోలు పెట్టండి. అప్పటివరకు పిల్లలు పైకి వెళ్లకుండా డాబా తలుపుకు తాళం వేయండి.